నిద్ర పట్టట్లేదా? మెలటోనిన్ గమ్మీస్ కొనే ముందు ఇవి చేసి చూడండి

హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో నెలకోసారైనా ఈ ప్రశ్న పడుతుంది: "అన్నా, నిద్ర పట్టట్లేదు, మెలటోనిన్ ఏది మంచిది?" ఒకరు ఐదు మిల్లీగ్రాములంటారు, ఇంకొకరు పదంటారు, ఎవరో లింకు పడేస్తారు, అంతే. అడిగినవాడు రాత్రి ఒంటిగంటకు తెల్ల ట్యూబులైటు కింద కూర్చుని, చేతిలో ఫోను, కడుపులో పదకొండింటికి తాగిన చాయ్ పెట్టుకుని అడుగుతున్నాడన్న సంగతి మాత్రం ఎవరూ అడగరు.

మెలటోనిన్ నిద్రమాత్ర కాదు. మెదడు లోపల పీనియల్ అని ఒక చిన్న గ్రంథి ఉంది, చీకటి పడ్డాక అది రక్తంలోకి వదిలే హార్మోను ఇది. 1958లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు, చర్మం రంగు మార్చే పదార్థం కోసం వెతుకుతూ, ఆవుల పీనియల్ గ్రంథుల నుంచి దీన్ని వేరుచేశాడు. దీని పనల్లా "రాత్రయింది" అని ఒంటికి కబురు చెప్పడం. మామూలుగా మీరు పడుకునే వేళకు సుమారు రెండు గంటల ముందు పెరగడం మొదలుపెట్టి, నడిరాత్రి బాగా ఎక్కువై, తెల్లారాక అడుగంటుతుంది. మధ్యలో కంట్లో గట్టి వెలుతురు పడితే, అందులోనూ నీలం వాటా ఎక్కువున్న తెల్ల వెలుతురైతే, ఆ కబురు ఆగిపోతుంది, లేదా ఆలస్యంగా వెళ్తుంది.

అందుకే ఇరవై ఏళ్ల ఆరోగ్యవంతుడైన స్టూడెంట్ "నాకు మెలటోనిన్ తక్కువైందేమో" అని భయపడాల్సిన పని సాధారణంగా ఉండదు. చూసుకోవాల్సింది అది ఎన్నింటికి మొదలవుతోందని. మీ వయసులో ఒంట్లో గడియారం ఎటూ వెనకబడే ఉంటుంది, మనిషి మొత్తం జీవితంలో అది బాగా వెనక్కి జరిగేది ఇరవై ఏళ్ల దగ్గరే. ఇంట్లో అమ్మ "తొమ్మిదింటికే పడుకోరా" అంటే నిద్ర రాకపోవడం పొగరూ కాదు, బద్ధకమూ కాదు. దానికి మనం తెల్ల లైట్లు, లేటు చాయ్‌లు తోడు చేసి ఇంకో రెండు మూడు గంటలు వెనక్కి నెడుతున్నాం, గొడవంతా అదే. ముందుకు లాగడం మన చేతిలోనే ఉంది కానీ ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

ఇంకో మాట, మెలటోనిన్ లెవెల్ చూపించుకుందామని ల్యాబుకు పరిగెత్తకండి. పరిశోధనల్లో దీన్ని కొలవాలంటే సాయంత్రం నుంచి మసక వెలుతురులో కూర్చోబెట్టి, అరగంటకో గంటకో ఒకసారి ఉమ్మి తీసుకుంటారు. పగటిపూట ఒక్కసారి రక్తం తీస్తే ఎవరికైనా తక్కువే వస్తుంది, అది చూసి లేనిపోని టెన్షన్.

ముందు వారం రోజులు రాసి పెట్టుకోండి

ఏమీ మార్చకుండా రాయండి. మంచం ఎక్కింది ఎన్నింటికి, లైటు ఆర్పింది ఎన్నింటికి, నిద్ర పట్టింది సుమారుగా ఎప్పుడు, లేచింది ఎప్పుడు, పగలు ఎంతసేపు పడుకున్నారు, చివరి చాయ్ ఎన్నింటికి. ఆదివారం తప్పకుండా రాయాలి, అసలు గుట్టంతా అక్కడే బయటపడుతుంది. చేతి వాచీ "డీప్ స్లీప్ ఇంత" అని చూపించే స్కోరు పట్టుకుని బాధపడకండి, పడుకున్న టైము, లేచిన టైము వరకు దాన్ని నమ్మితే చాలు.

తర్వాత ఒక చిన్న లెక్క. కాలేజీ ఉన్న రోజు రెండింటికి పడుకుని ఏడింటికి లేస్తే మీ నిద్రకు మధ్య టైము నాలుగున్నర. ఆదివారం నాలుగింటికి పడుకుని మధ్యాహ్నం పన్నెండింటికి లేస్తే మధ్య టైము ఎనిమిది. తేడా మూడున్నర గంటలు. అంటే వారం వారం శనివారం జోహన్నెస్‌బర్గ్ వెళ్లి సోమవారం పొద్దున్నే హైదరాబాద్‌లో దిగి క్లాసులో కూర్చుంటున్నట్టు. దీన్నే సోషల్ జెట్‌లాగ్ అంటారు. మీ తేడా గంట లోపు ఉంటే గడియారం పెద్ద సమస్య కాదు, టెన్షనో, గది వేడో, చాయో చూసుకోండి. రెండు గంటలు దాటితే మాత్రం ఈ కింద చెప్పేదంతా మీ కోసమే.

నిద్ర నాణ్యత ఎంతుందో అంకె కావాలనుకుంటే పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్ అనే ప్రశ్నావళి ఉంది, 1989 నుంచి వాడుతున్నారు. గడిచిన నెల రోజుల గురించి అడుగుతుంది, స్కోరు 0 నుంచి 21 దాకా ఉంటుంది, 5 దాటితే నిద్ర సరిగ్గా లేనట్టు లెక్క.

లేచే టైము కట్టేయండి, పడుకునే టైము సంగతి తర్వాత

అందరూ తలకిందులుగా మొదలుపెడతారు. "ఇవాళ్టి నుంచి పదిన్నరకే పడుకుంటా" అని పడుకుని, పన్నెండున్నర దాకా ఫ్యాను రెక్కలు చూసి, విసుగొచ్చి ఫోను తీస్తారు. నిద్రను బలవంతంగా రప్పించలేం, లేవడం మాత్రం మన చేతిలో పని. రోజూ ఒకే టైముకు లేస్తుంటే కొన్నాళ్లకు రాత్రి నిద్ర దానంతటదే ముందుకు జరుగుతుంది.

ఏ టైము? మీ బతుకును బట్టి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడింటికి కాలేజీ బస్సు ఎక్కి ఇబ్రహీంపట్నం వెళ్లేవాళ్లకు ఆరు దాటకూడదు. ఉస్మానియా క్యాంపస్ హాస్టల్లో ఉండి పదింటికి క్లాసు ఉన్నవాళ్లు ఏడున్నర పెట్టుకున్నా తప్పులేదు. సెలవు రోజు గంట ఎక్కువ పడుకోండి, అంతకంటే వద్దు. ఇప్పుడు పదకొండింటికి లేస్తున్నవాళ్లు రేపటి నుంచే ఆరు అని శపథాలు పట్టకండి, రెండు మూడు రోజులకోసారి అరగంట చొప్పున ముందుకు తెచ్చుకోండి. ఈ వయసుకు ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి, లేచే టైము నుంచి వెనక్కి లెక్కేస్తే లైటు ఎప్పుడు ఆర్పాలో తెలిసిపోతుంది.

లేచిన గంటలోపు ఆరుబయటికి

ఈ మొత్తంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి. పైసా ఖర్చు లేదు.

వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. హాస్టల్ గదిలో ట్యూబులైటు వెలుతురు రెండు మూడు వందల లక్స్ ఉంటే గొప్ప. బయట మబ్బు పట్టిన రోజున కూడా వేలల్లో ఉంటుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష దాకా వెళ్తుంది. మన కంటికి ఈ తేడా పెద్దగా తెలియదు కానీ మెదడులోని గడియారానికి బాగా తెలుస్తుంది, పొద్దున ఆ వెలుతురు తగిలితే ఆ రాత్రి మెలటోనిన్ త్వరగా మొదలవుతుంది. అమెరికాలోని కొలరాడోలో కొంతమందిని కరెంటు దీపాలు లేకుండా వారం రోజులు కొండల్లో గుడారాల్లో ఉంచి చూశారు, 2013లో అచ్చయింది, వాళ్లందరికీ మెలటోనిన్ మొదలయ్యే టైము సగటున రెండు గంటలు ముందుకొచ్చింది. ఏ మాత్రా మింగలేదు.

మనకు కొండలు అక్కర్లేదు. ఇరవై నిమిషాల నుంచి అరగంట బయట ఉంటే చాలు. ఓయూలో ఉంటే ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నడవండి, అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్లకు ఇందిరా పార్కు పక్కనే ఉంది, హెచ్‌సీయూ వాళ్లకైతే చెప్పనక్కర్లేదు, అడవే ఉంది. ఎస్సార్‌నగర్, అమీర్‌పేట సందుల్లో ఎండే దిగదు కాబట్టి డాబా ఎక్కండి, అక్కడే పళ్లు తోముకోండి. నడక నచ్చకపోతే టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీ తిన్నా లెక్కే, కావాల్సింది వెలుతురు గానీ వ్యాయామం కాదు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అందులో చాలా పోతుంది. సూర్యుడి వైపు నేరుగా చూడకండి. హైదరాబాద్‌లో జనవరిలో పావుతక్కువ ఏడుకి గానీ తెల్లారదు, జూన్‌లో పావుతక్కువ ఆరుకే ఎండ వచ్చేస్తుంది, దాన్ని బట్టి చూసుకోండి.

ఒక్క హెచ్చరిక. తెల్లారుజామున నాలుగింటికో ఐదింటికో పడుకునే అలవాటున్నవాళ్లు ఆరింటి వెలుతురు చూస్తే గడియారం ముందుకు రాకపోగా ఇంకా వెనక్కి పోతుంది, ఎందుకంటే మీ ఒంటికి అది ఇంకా నడిరాత్రే. మీరు ప్రస్తుతం మామూలుగా లేచే టైముకే వెలుతురు చూడండి, టైము అరగంట జరిపినప్పుడల్లా వెలుతురునూ అరగంట జరపండి. నైట్ అవుట్ చేసి సూర్యోదయం చూసి పడుకోవడం వినడానికి బాగుంటుంది గానీ, చేయదగ్గ పని కాదు.

చాయ్ గురించి, తప్పదు

హైదరాబాద్‌లో చాయ్ మానమని చెప్పేవాడితో ఎవరూ స్నేహం చేయరు, అందుకే మానమనను. టైము మార్చండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరింటికి ఇరానీ హోటల్లో రెండు ఉస్మానియా బిస్కెట్లతో తాగిన చాయ్ రాత్రి పదకొండింటికి ఇంకా సగం లోపలే ఉంటుందన్నమాట. అది నిద్రను చెడగొట్టడమే కాదు, గడియారాన్నే జరుపుతుంది: డబుల్ ఎస్‌ప్రెసో కాఫీలో ఉండేంత కెఫీన్‌ను పడుకోవడానికి మూడు గంటల ముందు ఇస్తే మెలటోనిన్ మొదలవడం దాదాపు నలభై నిమిషాలు ఆలస్యమైందని 2015లో ఒక ప్రయోగంలో తేలింది. "నేను చాయ్ తాగినా పడుకుంటాను" అనేవాళ్లు పడుకుంటారు, నిజమే, నిద్ర లోతే తగ్గుతుంది.

చివరి చాయ్ మూడింటికి, మరీ ఉండలేకపోతే నాలుగింటికి. స్టడీ హాల్లో రాత్రి తొమ్మిదింటికి అందరూ కిందికి దిగినప్పుడు మీరూ దిగండి, కబుర్లు ముఖ్యం, చేతిలో బాదంపాలో మజ్జిగో పట్టుకోండి. ఎనర్జీ డ్రింకుల్లో లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చని మన ఫుడ్ సేఫ్టీ నిబంధన, అంటే 250 మిల్లీలీటర్ల డబ్బాలో 36 నుంచి 75. చాయ్‌తో పాటు సిగరెట్ ఉంటే అది కూడా నిద్రను తరిమేదే.

రాత్రి గదిలో వెలుతురు తగ్గించండి

ఫోర్ షేరింగ్ గదిలో అసలు కష్టం ఇక్కడే. ఒకడికి రికార్డు రాయాలి, ఒకడికి ఇంటికి ఫోను, ఒకడికి గేము, నడినెత్తిన తెల్ల ట్యూబులైటు రెండింటి దాకా. పడుకునే ముందు గంటల్లో మామూలు గది వెలుతురులో ఉన్నా, బాగా మసక వెలుతురులో ఉన్నవాళ్లతో పోలిస్తే మెలటోనిన్ ఉండే సమయం గంటన్నర దాకా తగ్గిపోయిందని 2011లో ఒక అధ్యయనం చూపించింది. అంటే ఫోనొక్కటే దొంగ కాదు, నెత్తి మీద లైటు కూడా.

రూమ్మేట్లతో ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోండి, పరీక్షల ముందు కాదు, సెమిస్టర్ మొదట్లోనే. పదిన్నరకో పదకొండుకో ట్యూబులైటు ఆపేద్దాం, చదివేవాడు టేబుల్ ల్యాంపు పెట్టుకుంటాడు, ఫోను మాట్లాడేవాడు కారిడార్‌లోకి వెళ్తాడు. ఈ మాత్రానికి చాలామంది ఒప్పుకుంటారు, ఎందుకంటే నిద్ర లేనిది వాళ్లకూనూ. ల్యాంపుకు పసుపు వెలుతురు బల్బు తెచ్చుకోండి, షాపులో వార్మ్ వైట్ అంటే ఇస్తారు, పెట్టె మీద 2700కె గానీ 3000కె గానీ ఉండాలి. హాస్టళ్లలో కనిపించే తెల్లటివి ఎక్కువగా 6500కె. ల్యాంపు కాంతి పుస్తకం మీద పడాలి, కంట్లో కాదు. రాత్రి బాత్రూముకు లేస్తే ట్యూబులైటు వేయకుండా జీరో బల్బుతోనో, నేల వైపు తిప్పిన ఫోను టార్చితోనో సరిపెట్టుకోండి. కారిడార్ లైటు వెంటిలేటర్లోంచి మొహాన పడుతుంటే ఒక అట్టముక్క అడ్డం పెట్టండి, కాదంటే కళ్లకు గంతలు.

రాత్రి చదువులో చివరి గంట ట్యాబ్ పక్కన పెట్టి ప్రింటవుట్లో, చేతిరాత నోట్సో చదవండి. బోస్టన్‌లో పన్నెండు మందితో ఒక ప్రయోగం చేశారు, 2015లో వచ్చింది, పడుకునే ముందు వెలుగు తెర మీద చదివినవాళ్లకు కాగితం పుస్తకం చదివినప్పటికంటే మరుసటి రోజు మెలటోనిన్ గంటన్నర ఆలస్యంగా మొదలైంది.

ఇక ఫోను. నైట్ మోడ్ పెట్టాను కదా అనుకోకండి, తెర పసుపురంగైనంత మాత్రాన రీల్స్ ఆగవు. నా ఉద్దేశంలో ఫోను చేసే నష్టంలో వెలుతురు వాటా చిన్నది, అది తినేసే టైము వాటా పెద్దది. దూరం పెట్టండి అంటే ఎవరూ పెట్టరు కాబట్టి చార్జింగ్‌ను మంచానికి అందని ప్లగ్గులో పెట్టండి. పొద్దున అలారం ఆపడానికి లేవాల్సి వస్తుంది, అదీ లాభమే.

మంచం, వేడి, తిండి

నిద్ర పట్టాలంటే ఒంటి లోపలి వేడి కాస్త తగ్గాలి. పడుకోవడానికి గంట రెండు గంటల ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే చేతులు, కాళ్లకు రక్తం చేరి లోపలి వేడి బయటికి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీది ట్యాంకు నీళ్లు ఎలాగూ కాగి ఉంటాయి, గీజరు వేయక్కర్లేదు. డాబా మీద పడుకునే వీలుంటే దోమతెర మర్చిపోకండి. అర్ధరాత్రి మండీ, బిర్యానీ నెలకోసారికి పెట్టుకోండి, మిగతా రోజుల్లో పడుకునే టైముకు రెండు మూడు గంటల ముందే తినేయండి.

హాస్టల్లో మంచమే కుర్చీ, మంచమే డైనింగ్ టేబుల్. వీలైతే చదువు కింద చాప మీద. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి మసక వెలుతురులో కూర్చుని ఏదైనా చప్పటి పుస్తకం చదవండి, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ మంచమెక్కండి. టైము ఎంతయిందని చూడకండి, చూస్తే ఎంత నిద్ర మిగిలిందో లెక్కలు మొదలవుతాయి.

పరీక్షలప్పుడు

నైట్ అవుట్లు చేయొద్దంటే వినరు, నాకు తెలుసు. కనీసం నాలుగైదు గంటలు పడుకోండి, చదివింది గట్టిపడేది నిద్రలోనే. పరీక్ష రాసొచ్చి సాయంత్రం దాకా పడుకుంటే ఆ రాత్రి మళ్లీ జాగారమే, మూడింటిలోపు ఇరవై నిమిషాల కునుకు తీసి ఆపేయండి. రంజాన్‌లో తరావీ, సహరీ మధ్య నిద్ర తెగిపోయేవాళ్లు తరావీ అవగానే పడుకుని, సహరీకి తక్కువ లైట్లతో కానిచ్చి, తర్వాత ఇంకాస్త పడుకోండి, లేచే టైము మాత్రం రోజూ ఒకటే ఉండనివ్వండి.

అయినా మాత్ర కావాలంటే

డాక్టర్‌ను అడిగి వాడండి. మెలటోనిన్ ఒంట్లో గంటలోపే సగమైపోతుంది, మాత్రలో ఉండేది మన ఒళ్లు తయారుచేసే దానికంటే ఎన్నో రెట్లు, కాబట్టి ఇక్కడ డోసు కంటే టైము ముఖ్యం. గడియారాన్ని ముందుకు జరపాలంటే తక్కువ డోసును పడుకునే టైముకు కొన్ని గంటల ముందు ఇస్తారు. రాత్రి రెండింటికి విసుగొచ్చి మింగితే ఆ పని జరగదు. పైగా డబ్బా మీద రాసిందే లోపల ఉంటుందన్న భరోసా లేదు: కెనడాలో 31 రకాలు కొని పరీక్షిస్తే రాసినదాని కంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా ఉన్నాయని 2017లో బయటపడింది. డిప్రెషన్‌కో, ఫిట్స్‌కో, రక్తం పలచబడటానికో మందులు వాడేవాళ్లు సొంతంగా అసలు తీసుకోవద్దు. వేసుకున్న మర్నాడు పొద్దున మత్తుగా ఉంటే బండి తీయకండి.

సిట్రిజిన్ వేసుకుంటే నిద్రొస్తుందని రూమ్మేట్ చెప్పాడని మొదలుపెట్టకండి, అది అలర్జీ మాత్ర. అల్ప్రాజోలం జోలికి చీటీ లేకుండా అసలే పోవద్దు, కల్తీ కల్లు వార్తల్లో వినే అల్ప్రాజోలం అదే, అలవాటైతే వదిలించుకోవడం నరకం.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

వారంలో మూడు రాత్రులు, మూడు నెలలుగా ఇదే వరసైతే అది దీర్ఘకాలిక నిద్రలేమి, దానికి మొదటి వైద్యం మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే మాటల చికిత్స. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరాడక లేస్తున్నారని రూమ్మేట్ చెప్పినా, రాత్రిళ్లు కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నా, పది గంటలు పడుకున్నా పగలు క్లాసులో తల వాలిపోతున్నా ఆగకండి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంది, ఎర్రగడ్డలో మానసిక ఆసుపత్రి ఉంది, ఎర్రగడ్డ పేరెత్తితే నవ్వే స్నేహితులకు చెప్పాల్సిన పనేమీ లేదు. నిద్రలేమితో పాటు దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతకాలని లేదనిపించడం ఉంటే ఓపీ టైము కోసం చూడకుండా ఆ రాత్రే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు ఫోన్ చేయండి. నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.